తొంభై వోల్టుల గొంతు

హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లే సాఫ్ట్‌వేర్ కాపురాల సూట్‌కేసుల్లో మిక్సీది ఎప్పుడూ పెద్దపీటే. తెలిసినవాళ్లు 110 వోల్టుల మోడల్ అడిగి మరీ కొంటారు. తెలియనివాళ్లు వంటింట్లో ఉన్నదాన్నే చీరల మధ్య చుట్టి పట్టుకెళతారు. అక్కడి గోడ ప్లగ్గు ఇచ్చేది 120 వోల్టులు, మన మిక్సీ అడిగేది 230. స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది, బ్లేడు బద్ధకంగా తిరుగుతుంది. ఇడ్లీ పిండి సంగతి సరే, కొబ్బరి పచ్చడి కూడా పలుకులు పలుకులుగానే మిగిలిపోతుంది.

1970ల్లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక కుర్రవాడికి సరిగ్గా ఇదే అనుభవం ఎదురైంది. అతని చేతిలో ఉన్నది మిక్సీ కాదు, ఇంగ్లండు వోల్టేజీకి అమర్చిన మార్షల్ గిటార్ యాంప్లిఫయర్. ముచ్చటపడి కొన్నాడు. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెడితే ఉలుకూ పలుకూ లేదు. మోసపోయానని వదిలేసి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చి తీగ మీటాడు. వినపడీ వినపడనంత సన్నగా శబ్దం వచ్చింది. ఆ సన్నటి శబ్దానికి మాత్రం నూరు వాట్ల యాంప్‌ను చివరిదాకా తిప్పితే వచ్చే గరగర అంతా ఉంది. మిక్సీ యజమాని అయితే కొట్టువాణ్ణి తిట్టుకునేవాడు. ఎడ్డీ వాన్ హేలెన్ కూర్చుని ఆలోచించాడు.

ఆ పేరు తెలియనివాళ్లు కూడా అతని గిటార్ వినే ఉంటారు. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌లో ‘బీట్ ఇట్’ పాట మధ్యన నిప్పురవ్వలు చిమ్మినట్టు వచ్చే గిటార్ ముక్క అతనిదే. 1955లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, 1962లో కుటుంబంతో పాసడీనా చేరాడు. చిన్నప్పుడు నేర్చుకున్నది పియానో. 2020 అక్టోబరు 6న కన్నుమూసేదాకా గిటార్‌ను ఎంతగా వాయించాడో, దాని వెనకున్న పెట్టెల్ని అంతగా విప్పి చూశాడు. గిటార్ శబ్దంలో యాంప్లిఫయర్ వాటా ఎంతో తెలుసుకోవడానికి అతని కెరీర్ కంటే మంచి ప్రయోగశాల దొరకడం కష్టం.

అసలు ‘పాడైన శబ్దం’ మీద ఇంత మోజెందుకు? మన పెళ్లి పందిట్లో అయితే ఇది తప్పు కింద లెక్క. ఆహూజా యాంప్లిఫయర్ వెనక కూర్చున్న మైకు సెట్టు కుర్రాడు వోల్యూమ్ కాస్త ఎక్కువ పెడితే చాలు, పెద్దాయన ఎవరో వచ్చి “బాబూ, సౌండు పగులుతోంది, తగ్గించు” అంటాడు. ఆ పగులుకు భౌతికశాస్త్రం పెట్టిన పేరు క్లిప్పింగ్. యాంప్లిఫయర్ తనకు అందే కరెంటును మించి అలను ఎత్తుగా లేపలేదు. అంతకు మించి లేపమంటే, గోపురంలా ఉండాల్సిన అల శిఖరం డాబా కప్పులా చదునైపోతుంది. చెవి ఆ చదునును కొత్త స్వరాలుగా వింటుంది. గిటార్ ఐదో తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. పైనా కిందా సమానంగా కత్తిరించిన అలలో దానికి మూడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు, అంటే 330, 550, 770 హెర్ట్జ్‌ల అనుస్వరాలు కొత్తగా బలం పుంజుకుంటాయి.

తంబురా పక్కన కూర్చున్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. శ్రుతి బాగా కలిసిన తంబురాలో ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది. అది ఐదో అనుస్వరం. మూడోది పై స్థాయి పంచమం. తంబురా గుర్రం మీద తీగ కింద పెట్టే దారప్పోగు, ఆ జీవాళి, చేసే పనికి దగ్గరి పనినే రాక్ గిటారిస్టు యాంప్‌లోని వాల్వులతో చేయించుకుంటున్నాడు. రాక్ వాళ్లు ‘పవర్ కార్డ్’ అని పిలుచుకునేది కూడా షడ్జమ పంచమాల జంటే. 110, 165 హెర్ట్జ్‌ల స్వరాలు రెండూ కలిసి పగిలినప్పుడు వాటి తేడా అయిన 55 హెర్ట్జ్ కూడా పుడుతుంది. అది కింది స్థాయి షడ్జమం. వాయించింది రెండు స్వరాలే, వినపడేది కొండంత. అదే యాంప్‌లో గాంధారం కలిపితే వ్యవహారం బెడిసికొడుతుంది. గిటార్ మెట్లు సమాన విభాగాలుగా ఉంటాయి కాబట్టి అక్కడ పలికేది 137.5 కాదు, 138.6 హెర్ట్జ్. దాని నాలుగో అనుస్వరం 554, షడ్జమం ఐదో అనుస్వరం 550. రెండూ ఢీకొని సెకనుకు నాలుగు సార్లకు పైగా శబ్దం ఊగిపోతుంది. శుభ్రమైన యాంప్‌లో చెవి దాన్ని పెద్దగా పట్టించుకోదు. పగిలే యాంప్‌లో అదే ముందు వినపడుతుంది. హెవీ రాక్‌లో షడ్జమ పంచమాలే ఎక్కువగా ఎందుకు మోగుతాయో సగం ఇక్కడే తేలిపోతుంది.

ఈ పగులుకు పేరుమోసిన మార్షల్ పుట్టుక కూడా తమాషాగానే జరిగింది. లండన్ శివారు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టారుకు ఒక వాద్యాల కొట్టు ఉండేది. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ యాంప్‌లు ఖరీదెక్కువ. 1962లో ఆ కొట్టు మరమ్మతు మనిషి కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రాడు కలిసి ‘ఫెండర్ బాస్‌మన్’ సర్క్యూట్‌ను చూసి, ఇంగ్లండులో దొరికే భాగాలతో ఒకటి తయారుచేశారు. బాస్‌మన్ అసలు బాస్ గిటార్ కోసం చేసింది. మూడేళ్లకు ‘ది హూ’ బృందం పీట్ టౌన్‌షెండ్ వచ్చి నూరు వాట్లు కావాలన్నాడు. అలా వచ్చిన నూరు వాట్ల వంశంలోనిదే ఎడ్డీ వాడిన ‘సూపర్ లీడ్’. లోపల నాలుగు ఈఎల్34 పవర్ వాల్వులు, వాటి ప్లేట్ల మీద 400 వోల్టులకు పైగా. మన ఇళ్లలో వాల్వు రేడియోలున్న కాలంలో, బల్బులు వెచ్చబడేదాకా వార్తల కోసం ఎదురుచూసిన తరానికి ఈ ఎర్రటి వెలుగు పరిచయమే.

సూపర్ లీడ్‌తో చిక్కు ఒకటుంది. దానికి మోతను విడిగా తగ్గించే మాస్టర్ వోల్యూమ్ లేదు. ఈఎల్34ల శబ్దం పగలాలంటే వాటిని చివరిదాకా తోలాల్సిందే. అంటే మంచి గొంతు కావాలంటే భరించలేనంత మోత తప్పదు. గొంతునీ మోతనీ కలిపి వేసిన ముడి అది. ఎడ్డీ కెరీర్‌లో మారిన ప్రతి పెట్టె వెనకా ఆ ముడిని విప్పే ప్రయత్నమే కనిపిస్తుంది.

ఇంగ్లండు యాంప్ నేర్పిన పాఠంతో అతను మొదట చేసిన పని ఇంట్లో లైటు కాంతిని తగ్గించే డిమ్మర్‌ను యాంప్‌కు తగిలించడం. తప్పుగా తగిలించడంతో ఇంటి కరెంటే పోయింది. తర్వాత కొనుక్కొచ్చింది వేరియాక్. పేరు కొత్తగా ఉన్నా వస్తువు కొత్తది కాదు. మన ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో ఉండే సర్వో స్టెబిలైజర్ మూత తీస్తే గుండ్రటి రాగి తీగచుట్టా, దాని మీద జారే కార్బన్ బ్రష్షూ కనిపిస్తాయి. ఆ బ్రష్షును చిన్న మోటారు తిప్పుతుంది. మోటారు తీసేసి చేతిపిడి పెడితే అదే వేరియాక్. ఎండాకాలపు లో-వోల్టేజీలో ఫ్యాన్లు నీరసించిపోతుంటే మనం స్టెబిలైజర్‌తో పైకి లాక్కుంటాం. ఎడ్డీ కోరి కోరి లో వోల్టేజీ తెచ్చుకున్నాడు. 120 రావాల్సిన చోట 90 దగ్గర ఆపేవాడు. తొలినాళ్ల ఇంటర్వ్యూల్లో మాత్రం వోల్టేజీ పెంచుతానని చెప్పాడు. వంట రహస్యం అడిగితే ఒక దినుసు మార్చి చెప్పే బాపతు. నమ్మి పెంచినవాళ్ల వాల్వుల గతి ఊహించుకోవలసిందే.

ఇక్కడ చిన్న లెక్క వేయాలి. 120లో 90 అంటే మూడు వంతులు. పవర్ వోల్టేజీ వర్గంతో మారుతుంది కాబట్టి నూరు వాట్లు దాదాపు 56కు దిగుతాయి. వినడానికి అది సగం తగ్గినట్టు ఉండదు. తేడా రెండున్నర డెసిబెల్స్ మాత్రమే, చెవికి అంతంతమాత్రం. చెవికి సగం మోత అనిపించాలంటే పవర్ పదో వంతుకు పడిపోవాలి. కాబట్టి వేరియాక్ మోతను పెద్దగా తగ్గించిందని అనుకోనక్కర్లేదు. ప్లేట్ వోల్టేజీ పడిపోవడంతో వాల్వులు తమ హద్దును తొందరగా తాకుతాయి, పగులు త్వరగా మొదలవుతుంది, గట్టిగా మీటినప్పుడు యాంప్ ఎదురు తిరగకుండా కాస్త ఒంగుతుంది. అభిమానులు ‘బ్రౌన్ సౌండ్’ అని పిలుచుకునే ఆ మెత్తని గరుకుదనంలో దీని వాటా ఉంది. వాయించే వేళ్ల వాటా ఎంతో కొలిచే మీటరు ఇంకా రాలేదు.

పెట్టెతో పాటు గిటార్‌నూ అతను వదల్లేదు. తీగ కింద ఉండే పికప్ ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల సన్న రాగి తీగ. ఉక్కు తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుంది. నూరు వాట్ల ఎదుట ఆ రాగి చుట్లు కూడా వణికి, మైకులా కూయడం మొదలెడతాయి. ఎడ్డీ పికప్‌ను కరిగిన మైనంలో ముంచాడు. మైనం చుట్ల మధ్య గడ్డకట్టి వణుకును ఆపింది. ఈ విద్య పట్టుబడే లోపు కొన్ని పికప్‌లు కరిగి ముద్దయిపోయాయి.

ఇవన్నీ నిండిన అతని బృందం తొలి ఆల్బమ్ ‘వాన్ హేలెన్’ 1978 ఫిబ్రవరిలో వచ్చింది. ఎడ్డీకి ఇరవై మూడేళ్లు.

అదే 1978లో కృష్ణా జిల్లా గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో, తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు తొలి కచేరీ చేశాడు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. ఆ వెతుకులాటలోనే సమస్య బయటపడుతుంది. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది. ఎనిమిది తీగలు నాలుగు జతలు. జతను పక్కకు లాగితే రెండూ ఒకేలా వంగవు. తోడిలో గాంధారాన్ని ఊపుతూ ఊపుతూ ఉండగానే శబ్దం అయిపోతే గమకం ఎక్కడ నిలబడుతుంది?

శ్రీనివాస్ ఎంచుకున్న దారి ఎలక్ట్రిక్ మాండలిన్. జతలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టాడు. మంద్రం కోసం చేర్చింది అందులో ఒకటి. పికప్, యాంప్లిఫయర్ చేరాక ఆరిపోబోయే స్వరం తోక కూడా శ్రోతకు చేరింది. తోక వినపడితే గమకం వినపడినట్టే. కర్ణాటక సంగీతంలో కరెంటు వాద్యమేమిటని ముక్కు విరిచినవాళ్లు మొదట్లో లేకపోలేదు. 1981లో మద్రాసులో, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీలయ్యాక ఆ ప్రశ్న పలచబడింది. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే, వెళ్లిపోయాడు.

పాసడీనా కుర్రాడికీ పాలకొల్లు పిల్లవాడికీ కావలసింది ఒకటే: మీటిన స్వరం నిలవాలి. అందుకు యాంప్‌ను ఇద్దరూ చెరో చివర పట్టుకున్నారు. పగిలే యాంప్‌లో బలంగా మీటిన తొలి దెబ్బ శిఖరం తెగిపోతుంది, బలహీనపడిన చివరి భాగం దాదాపు అంతే ఎత్తుకు లేస్తుంది. అలా చదునైన శబ్దం చాలాసేపు నిలిచినట్టు వినిపిస్తుంది. ఎడ్డీ దారి అది. శ్రీనివాస్‌కు పగులు అక్కరకు రాదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారుడులో సందేహం ఉండకూడదు కాబట్టి శుభ్రమైన పెంపు చాలు. ఈ రెండు చివరల మధ్య నడిచిన మనిషి కూడా ఉన్నాడు. 1970ల మొదట్లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’లో నూరు వాట్ల మార్షల్‌తో చెవులు చిల్లులు పొడిచిన జాన్ మెక్‌లాఫ్లిన్, ‘శక్తి’ బృందంలో అకూస్టిక్ గిటార్‌తో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ‘రిమెంబర్ శక్తి’లో మళ్లీ ఎలక్ట్రిక్ గిటార్ పట్టి శ్రీనివాస్ మాండలిన్ పక్కన వాయించాడు.

పాసడీనాకు తిరిగి వెళదాం. బృందం పెద్దదయ్యేకొద్దీ ఎడ్డీ యాంప్‌ల వరస పొడవయింది. మార్షల్ నుంచి వచ్చే కరెంటును స్పీకరుకు బదులు ‘డమ్మీ లోడ్’లోకి పంపాడు. అదొక పెద్ద నిరోధకం, ఇస్త్రీపెట్టె కాయిల్‌కు దగ్గరి చుట్టం. మోత అంతా అందులో వేడిగా మారిపోతుంది. అక్కణ్ణుంచి చిటికెడు సంకేతం తీసి, ప్రతిధ్వని పెట్టెల గుండా నడిపి, వేరే పవర్ యాంప్‌లతో కావలసినంత పెంచుకున్నాడు. ఇప్పుడు పగులు ఒకచోట, మోత ఒకచోట. ముడి సగం వీడింది. ఖరీదు మాత్రం బీరువాలంత సామాను, దాన్ని మోసే మనుషులు.

1991 నాటి ఆల్బమ్‌కు సోల్డానో ఎస్ఎల్ఓ-100 వాడాడు. దాని వెనకే పీవీ కంపెనీతో కలిసి చేయించిన 5150 బజారుకొచ్చింది. ఆ అంకె అతని ఇంటి స్టూడియో పేరు. మతి చలించినవారిని నిర్బంధంలో ఉంచే కాలిఫోర్నియా చట్టంలోని సెక్షన్ నంబరు అది. 5150 లోపల పగులు పవర్ వాల్వుల దగ్గరికి చేరకముందే, ముందు వరసలోని చిన్న 12ఏఎక్స్7 వాల్వుల్లోనే పుడుతుంది. ఒకటి పెంచినదాన్ని ఇంకొకటి, దాన్ని మరొకటి పెంచుతూ, ఒకదాని తర్వాత ఒకటి కత్తిరించుకుంటూ పోతాయి. చివర్లో మాస్టర్ వోల్యూమ్. గొంతు అదే, మోత యజమాని ఇష్టం. 2004లో పీవీతో తెగదెంపులయ్యాక అదే యాంప్ 6505 పేరుతో మెటల్ బృందాల ఇంటిదైపోయింది. 2007లో ఫెండర్‌తో కలిసి అతను 5150 త్రీ తెచ్చాడు. ఆ కుటుంబంలోకి తర్వాత ‘లంచ్‌బాక్స్’ అని ముద్దుగా పిలిచే 15 వాట్ల బుల్లి యాంప్ కూడా వచ్చింది. గోడంత మార్షల్‌తో మొదలైన ప్రయాణంలో అది మంచి మజిలీ.

మిగతా ముడిని విప్పినవాళ్లు వేరే. 1998 నవంబరు 22న మాదాపూర్ బండరాళ్ల మధ్య సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ తలుపులు తెరిచింది. ముడి సంగతికొస్తే, అదే ఏడాది కాలిఫోర్నియాలో లైన్ 6 కంపెనీ ‘పాడ్’ అనే ఎర్రటి డబ్బా అమ్మకానికి పెట్టింది. రాజ్మా గింజ ఆకారం. లోపల వాల్వు ఒక్కటి లేదు, చిప్పు ఉంది. వాల్వు ఏ అలను ఎక్కడ ఎంత కత్తిరిస్తుందో లెక్కగా రాసి, ఆ లెక్కను గిటార్ సంకేతం మీద నడిపిస్తుంది. డాబా కప్పు వేయడానికి ఇప్పుడు ఒక సమీకరణం చాలు.

చెప్పినంత సులువు కాదనుకోండి. సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచే యంత్రం 24,000 హెర్ట్జ్‌ల పైనున్న దేన్నీ పట్టుకోలేదు. కత్తిరింపు పుట్టించే అనుస్వరాలు ఆ గీతను దాటిపోయి, అద్దం మీద పడ్డట్టు వెనక్కి మడుచుకుని, ఏ శ్రుతికీ చెందని కీచు శబ్దాలుగా తిరిగొస్తాయి. అందుకని లోపల నాలుగింతలో ఎనిమిదింతలో వేగంతో లెక్క చేసి, మళ్లీ కిందికి దించుతారు. దీనికంతా టైము పడుతుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు వెళుతుంది కాబట్టి, మూడు మిల్లీసెకన్ల ఆలస్యమంటే యాంప్‌కు మీటరు దూరంలో నిలబడ్డట్టే. ఇరవై దాటితే వేలు ముందు, స్వరం తర్వాత. 2010ల తర్వాత సమీకరణాలు రాసే పని కూడా తగ్గుతూ వచ్చింది. అసలు యాంప్ గుండా కొన్ని నిమిషాల సంకేతం పంపి, లోపలికి వెళ్లిందీ బయటికొచ్చిందీ రెండూ న్యూరల్ నెట్‌వర్క్‌కు చూపిస్తే, మధ్యలో ఏం జరిగిందో అదే నేర్చుకుంటుంది. పగలంతా రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్లకు ఇది సొంత వ్యాపారంలాగే ఉంటుంది.

పైగా ఆ వైపు కాపురాలకు ఇలాంటి యాంప్ తప్పనిసరి కూడా. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదన్నది 2000 నాటి కేంద్ర నిబంధన. నూరు వాట్ల మార్షల్, నాలుగు పన్నెండంగుళాల స్పీకర్ల పెట్టెతో, మీటరు దూరంలో 115 దాటుతుంది. గోడల సంగతి పక్కన పెట్టి లెక్కేస్తే, పగటి హద్దుకు దాన్ని దించడానికి పవర్‌ను పది లక్షల వంతుకు తగ్గించాలి. నూరు వాట్లు కాస్తా వాటులో పదివేలవ వంతు అవుతాయి. ఏ వేరియాక్ వల్లా అది కాదు. మియాపూర్‌లోనో కొండాపూర్‌లోనో పద్నాలుగో అంతస్తులో, పక్క ఫ్లాట్‌లో పసిపిల్లలున్న మనిషికి హెడ్‌ఫోన్సే గతి.

ఆ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడి లాప్‌టాప్ తెర మీద ఈ రోజు కనిపించేది మార్షల్ సూపర్ లీడ్ బొమ్మే. బంగారు రంగు పలక, నల్లటి గుండీలు, ఎర్ర దీపం. కొన్ని యాంప్ మోడలర్ల లోపలి మెనూల్లో ‘వేరియాక్’ పేరుతోనే ఒక గుండీ ఉంటుంది. అర్ధరాత్రి ఆఫీసు కాల్ ముగిశాక దాన్ని మౌస్‌తో పట్టుకుని నూరు శాతం నుంచి డెబ్భై అయిదుకు దించితే, లేని వాల్వుల మీద లేని వోల్టేజీ పడిపోయి, చెవిలో గిటార్ మెత్తబడుతుంది. తల మీద ఫ్యాను మాత్రం 230 వోల్టుల మీద అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది.